సర్పి టీకా: జ్వరం వస్తుందని ముందే చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

యాభై ఏళ్లు దాటినవారికి, ఒంటికి ఒక పక్కన మంటతో పొక్కులు లేచే సర్పి (షింగిల్స్) రాకుండా కాపాడే షింగ్రిక్స్ టీకా మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు వేయించుకోవలసిన ఈ టీకాను, మొదటి డోసుకు వచ్చిన జ్వరం చూసి అంతటితో మానుకున్న పెద్దలు అనంతపురంలో నాకు తెలిసినవారిలోనే పలువురున్నారు. ఆర్ట్స్ కళాశాల మైదానంలో ఉదయపు నడకకు వచ్చేవారి మధ్య దీని ప్రస్తావన వస్తే ‘డబ్బు పోసి జ్వరం కొనుక్కోవడమెందుకు సార్’ అన్న మాటే ముందు వినిపిస్తుంది. వారు భయపడడానికి జ్వరం కన్నా, జ్వరం రావచ్చని వేసేవారెవరూ ముందుగా చెప్పకపోవడమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కనుండే నరాల ముడులలో దశాబ్దాల తరబడి అణగి ఉండి, వయసు మీదపడి రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడు ఏదో ఒక నరం వెంట చర్మం మీదికి వస్తుంది. అందుకే పొక్కులు ఛాతీ మీదనో నడుము మీదనో ఒక పక్కనే పట్టీలా లేస్తాయి. ధర్మవరంలో మగ్గం నేసే మా బంధువుకు పొక్కులు కనపడక ముందే ఎడమ రొమ్ము కింద మంట మొదలైతే, గుండెనొప్పి అనుకుని ముందు ఈసీజీ తీయించారు. పొక్కులు మాడి పక్కులు రాలిపోయిన తరువాత కూడా ఆయన నెలల తరబడి ఒంటి మీద బనియను ఆననివ్వలేదు. మగ్గం గుంటలో కూర్చుని ముందుకు వంగితే చాలు, నొప్పి పొడుచుకొచ్చేది. సర్పిలో అసలు బాధ ఈ మిగులు నొప్పిదే. వయసు పెరిగేకొద్దీ దానికి అవకాశం కూడా పెరుగుతుంది. మధుమేహం ఉన్నవారికి సర్పి ముప్పు మరికాస్త ఎక్కువ. మన ఇళ్లలో షుగరు మాత్ర వేసుకోని పెద్దలు ఎందరుంటారో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక టీకా సంగతి. నాకు వేసిన చోట నర్సమ్మ ఒక సీసాలోని పొడిని మరో సీసాలోని ద్రవంతో కలిపి, భుజం కండరంలోకి ఎక్కించి, ‘ఏమీ కాదు, ఇంటికి వెళ్లిపోవచ్చు’ అని పంపించారు. ఆ సాయంత్రానికి చెయ్యి చొక్కాలో దూర్చడానికి లేవలేదు. రాత్రి చలి మొదలయింది. అనంతపురం మే నెలలో ఫ్యాను ఆపించి, రెండు దుప్పట్లు కప్పుకుని పండ్లు కొరుక్కుంటున్న నన్ను చూసి మా ఇంటావిడ డెంగీ పరీక్షకు ఎవరిని పిలవాలా అని ఫోను చేతబట్టుకుంది. ఆ తరువాతి రోజంతా కీళ్లూ కండరాలూ నొప్పి, ఒళ్లంతా నీరసం. ఆ పై రోజుకు అన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. ఒక్క ముక్క ముందుగా చెప్పి ఉంటే ఇంట్లో ఇంత హడావుడి ఉండేది కాదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. యాభై దాటినవారి మీద జరిగిన పెద్ద పరీక్షలలో టీకా వేసిన చోట నొప్పి పది మందిలో సుమారు ఎనిమిది మందికి వచ్చింది. కండరాల నొప్పి, అలసట దాదాపు సగం మందికి, తలనొప్పి మూడో వంతు పైచిలుకు మందికి, వణుకు నాలుగో వంతు మందికి, జ్వరం అయిదో వంతు మందికి కలిగాయి. ఆరుగురిలో ఒకరు రోజువారీ పనులు చేసుకోలేనంత ఇబ్బంది పడ్డారు. అయితే ఇవన్నీ సాధారణంగా రెండు మూడు రోజులలో తగ్గిపోయేవే. ఈ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కనుక దీనివల్ల సర్పి రాదు. వైరస్ పై పొరలోని ఒక ప్రొటీనుకు, రోగనిరోధక వ్యవస్థను గట్టిగా తట్టిలేపే పదార్థాలను జోడిస్తారు. వాటిలో ఒకటి చిలీ దేశపు చెట్టు బెరడు నుంచి తీసినది. ఒంట్లో కలిగే ఈ కలకలం చాలామటుకు ఆ పదార్థాల పుణ్యమే. ప్రతిఫలంగా యాభై దాటినవారిలో 97 శాతం, డెబ్బై దాటినవారిలో 90 శాతం దరిదాపుగా సర్పి నుంచి రక్షణ కనిపించింది. ఆ లెక్క రెండు డోసులూ పడినవారిది.

వేయించుకునేవారు మరుసటి రోజు పెళ్లికో, ఊరి ప్రయాణానికో, పొలం పనికో మాట ఇవ్వకుండా ఉంటే మంచిది. రోజూ ఎక్కువగా వాడని చేతికి వేయించుకోవచ్చు. నొప్పి వచ్చాక పారాసిటమాల్ వేసుకోవచ్చు గానీ, ఏ బాధా లేకుండా ముందే మింగడం తగదు. టీకా తరువాత పావుగంట అక్కడే కూర్చోవాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే వైద్యులకు చెప్పాలి. ఆ తరువాతి వారాలలో కాళ్లలో చేతులలో బలహీనత పెరుగుతూ పోతే ఆలస్యం చేయరాదు, అది చాలా అరుదైనదే అయినా. మొదటిసారి జ్వరం వచ్చినంత మాత్రాన రెండోసారీ వచ్చి తీరాలని లేదు. రెండో డోసుకు ఆరు నెలలు దాటిపోయినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు, మిగిలినది వేయించుకుంటే సరిపోతుంది. మైదానంలో నాకు తారసపడిన పెద్దలలో ఒక్కరికి కూడా ఈ సంగతి తెలియదు.

ఇప్పటికే సర్పి లేచినవారికి టీకా మందు కాదు. పల్లెలలో ఎర్రమన్ను పూయించుకుని, మంత్రం వేయించుకుని రోజులు గడుపుతారు. పొక్కులు లేచిన 72 గంటలలోపు వైరస్‌ను అణిచే మాత్రలు మొదలుపెడితేనే ఎక్కువ మేలని వారికి చెప్పేవారు లేరు. నుదుటి మీద, ముక్కు కొన మీద లేస్తే కంటికే ప్రమాదం కాబట్టి కంటి వైద్యుల వద్దకు అదే రోజు పోవాలి.

ఒక్కో డోసు పదివేల రూపాయల దరిదాపున ఉండడం, ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఇది లేకపోవడం సామాన్యుడికి పెద్ద అడ్డంకులు. పింఛను మీద బతికే దంపతులిద్దరూ వేయించుకోవాలంటే నలభై వేలు. ఈ భారాన్ని ఎలా తగ్గించవచ్చో ప్రభుత్వం ఆలోచించాలి. కానీ దానికోసం ఎదురుచూడకుండా చేయగలిగిన పని ఒకటుంది. టీకా వేసే ప్రతి ఆసుపత్రీ ఏమేమి రావచ్చు, ఎన్నాళ్లుంటాయి, ఎప్పుడు వైద్యుణ్ణి చూడాలి, రెండో డోసు తేదీ ఏది అన్న నాలుగు సంగతులను తెలుగులో, పెద్ద అక్షరాలతో అరకాగితం మీద అచ్చువేసి చేతికివ్వాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులు ఆ కాగితం నమూనాను తామే తయారు చేసి పంపితే ఇంకా మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం