ఎత్తి ఎక్కించడం ర్యాంపుకు బదులు కాదు

సంపాదకులకు నమస్కారం.

నలుగురూ వచ్చిపోయే భవనాల్లో ర్యాంపు ఎందుకు లేదని అడిగినప్పుడల్లా, చక్రాల కుర్చీ వాడే నాబోటివారికి దాదాపు ఒకే జవాబు వస్తుంది: “దానికేముందండీ, మావాళ్లున్నారు, పట్టుకుని ఎక్కించేస్తారు.” చెప్పేవారి మనసు మంచిదే. ఆ మంచితనమే ర్యాంపు కట్టకపోవడానికి సాకుగా మారిందన్నది నా ఫిర్యాదు.

చాలా కుర్చీలకు చేతులు ఆనించుకునే భాగాలూ, పాదాలు పెట్టుకునే పలకలూ ఊడదీయడానికి వీలుగా ఉంటాయి. మంచం మీదికో కారులోకో మారాలంటే అది అవసరం. అలవాటు లేనివారు కుర్చీని ఎత్తబోయినప్పుడు ముందుగా చేతికందేవి అవే. సగం మెట్ల మీద వాటిలో ఒకటి ఊడివస్తే కుర్చీ, అందులోని మనిషీ ఒక పక్కకు ఒరిగిపోతారు. బ్యాటరీతో నడిచే కుర్చీల్లో మనిషి కూర్చోకముందే 100 కిలోలు దాటేవి ఉన్నాయి కాబట్టి వాటి విషయంలో ఈ సాయం మాట కూడా చెల్లదు. ప్రమాదం సంగతి అలా ఉంచినా, నలుగురి చేతుల మీదుగా లోపలికి వెళ్లిన మనిషి బయటికి రావడానికి మళ్లీ ఆ నలుగురూ ఖాళీ అయ్యేదాకా కాచుకోవలసిందే.

ర్యాంపు ఉన్నచోట్ల కూడా అది ఎవరి కోసం కట్టారో అర్థం కాదు. సాధారణంగా పాటించే వాలు 1:12, అంటే 15 సెంటీమీటర్ల మెట్టు ఒక్కటి ఉన్నా 180 సెంటీమీటర్ల పొడవు కావాలి. స్థలం లేదని దాన్ని సగానికి కుదిస్తే ఎక్కడం ఎలాగూ కష్టం. దిగడం అంతకంటే భయం, ఎందుకంటే చక్రాల అంచులను అరచేతులతో ఒత్తిపట్టి వేగాన్ని ఆపుకోవాలి, ఆ రాపిడికి చర్మం మండుతుంది. ఇక ర్యాంపు మొదట్లో “రెండు నిమిషాలే” అంటూ నిలిపిన మోటారు సైకిళ్ల గురించి, చీపుర్లూ బకెట్లూ దాచుకునే గదిగా మారిన ప్రత్యేక మరుగుదొడ్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

తీరు మారవలసింది కట్టడాల్లోనే కాదు. నా పని గురించి నా పక్కనున్నవారిని అడుగుతారు. చెప్పకుండా వెనక నుంచి కుర్చీని తోస్తారు. ఆ క్షణాన నా వేళ్లు చక్రపు చువ్వల దగ్గర ఉండవచ్చునన్న ఆలోచన వారికి రాదు. కుర్చీ వాడేవారిలో నాలుగడుగులు వేయగలిగినవారూ ఉంటారు. వారు లేచి నిలబడితే చాలు, నటిస్తున్నారన్న అనుమానపు చూపులు మొదలవుతాయి. జాలికీ అనుమానానికీ మధ్య మామూలు మర్యాద అనేది ఒకటుందని గుర్తుచేయవలసి రావడం విచిత్రమే.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, తన 9వ అధికరణంలో, భవనాలూ రోడ్లూ రవాణా సౌకర్యాలూ అందరికీ అందుబాటులో ఉండేలా చూడడం ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొన్నది. అది దయ మీద వదిలిన విషయం కాదు. అందువల్ల ఏ భవనానికైనా అనుమతి ఇచ్చేముందు, చక్రాల కుర్చీ వాడే వ్యక్తి ఒకరు గేటు నుంచి మరుగుదొడ్డి దాకా ఎవరి సాయమూ లేకుండా వెళ్లి రాగలిగారా లేదా అన్నది పరీక్షించి నమోదు చేయాలని అధికారులను కోరుతున్నాను. మీ పత్రికకూ ఒక విన్నపం: కొత్త భవనాల ప్రారంభోత్సవ వార్తలు రాసే విలేకరులు రిబ్బను కత్తిరించినవారి పేర్లతోపాటు ర్యాంపు ఎత్తు, పొడవు కొలిచి ఆ అంకెలు కూడా ప్రచురించాలి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు