అన్నీ ఆటిజం ఖాతాలోనే వేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం అని మీరు వేసిన పేజీ చదివాను. ఫొటోలన్నీ చిన్నపిల్లలవే. మా వాడికీ ఆటిజం ఉంది; మాట్లాడే తీరు, నలుగురితో మెలిగే తీరు చిన్నప్పటి నుంచే వేరు. వాడికి ఇప్పుడు 26 ఏళ్లు. ఆ వయసువాళ్ల ఊసే పేజీలో లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెన్నైలో, పెరంబూరు క్యారేజ్ వర్క్స్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. మా వాడికి రైళ్లంటే ప్రాణం. రోజూ సాయంత్రం పెరంబూరు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని బోగీలు లెక్కపెట్టేవాడు. వాన పడినా మానేవాడు కాదు. 19వ ఏట ఒక శ్రావణమాసంలో ఉన్నట్టుండి మానేశాడు. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చేవాడు, వెనక్కి తిరిగేవాడు, చెప్పులు విప్పి జతగా పెట్టేవాడు. పది నిమిషాలకు మళ్లీ అదే. రాత్రి రెండింటికి లేచి వంటింట్లో దీపం వేయకుండా నిలబడేవాడు. చట్నీ తగలకుండా ఇడ్లీలు తినే మనిషి చివరికి ఇడ్లీ కూడా ముట్టలేదు. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు.

ఎవరిని అడిగినా ఒకటే మాట: "ఆటిజం కదండీ, అలాగే ఉంటుంది." చిన్నప్పటి నుంచి చూపిస్తున్న చోట, 18 నిండాయి కాబట్టి ఇక చూడలేమన్నారు. పెద్దవాళ్ల మానసిక వైద్య విభాగానికి వెళితే, ఆటిజం అనేది పిల్లల డాక్టరు చూడవలసినది అన్నారు. మేమూ ఏమీ తక్కువ తినలేదు. హైదరాబాదువాళ్లకు ఎర్రగడ్డ ఎలాగో ఇక్కడ కీల్పాక్ అలాగ. 1794లో మొదలైన మానసిక ఆసుపత్రి, ఇప్పటికీ దాని పేరు తిట్టుగానే చెలామణీ అవుతోంది. ఆటిజం అని నలుగురిలో చెప్పుకోవడానికే మాకు పదేళ్లు పట్టింది. ఇప్పుడు పిచ్చి డాక్టరు దగ్గరికి కూడానా అని మా ఆవిడ ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ, అపాయింట్‌మెంటు రెండుసార్లు వాయిదా వేయించింది మాత్రం నేనే.

చివరికి చూసిన డాక్టరమ్మ ముందు మనసు సంగతి ఎత్తలేదు. పళ్లు చూశారు, పొట్ట నొక్కి చూశారు, రక్తపరీక్షలు రాశారు. నొప్పి ఉందని చెప్పలేనివాళ్లు ఒక్కోసారి ఇలాగే మారిపోతారట. అవన్నీ బాగానే ఉన్నాయి. వాడికి ఇంటి తెలుగే దగ్గర కాబట్టి నా చేత అడిగించారు. "దిగులుగా ఉందా నాన్నా?" అన్నాను. "దిగులుగా ఉందా నాన్నా" అన్నాడు. అడిగిన మాటనే తిరిగి అప్పజెప్పడం వాడి అలవాటు. అప్పుడామె బోగీల గురించి అడగమన్నారు. నిన్న ఎన్ని లెక్కపెట్టావు అన్నాను. చాలాసేపు నేల చూసి, "బోగీలు లేవు" అన్నాడు.

డిప్రెషన్ అని తేలింది. ఆటిజం ఉన్నవారిలో సుమారు 20 శాతానికి ఆందోళన రుగ్మతలు, 11 శాతానికి డిప్రెషన్ ఉంటాయని 2019లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రిక ప్రచురించిన సమీక్షలో ఉందని మా అమ్మాయి చూపించింది. అంత ఎక్కువమందికి వచ్చేదాన్ని "అలాగే ఉంటుంది" అని ఎలా సరిపెడతారు? చక్రం కొత్తగా మోగుతుంటే, రైలు చక్రం కదా మోగుతుందిలే అనే ఫిట్టరును మా షాపులో ఎవరూ ఉంచుకునేవారు కాదు.

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. వాడికి ఇచ్చింది దిగులుకు మందు. చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. నిద్రపోయిన గంటలు, తిన్న ఇడ్లీలు మా ఆవిడ నోటుపుస్తకంలో రాసేది. ఎనిమిది నెలలకు మళ్లీ స్టేషన్ బెంచీ ఎక్కాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం అందరి హక్కు అంటోంది. రెండూ వర్తించేవాడు ఏ గదిలోకి వెళ్లాలో చెప్పే మనిషే లేడు. పెద్దాసుపత్రుల్లో వారానికి ఒక్క పూటైనా ఆటిజం చూసే డాక్టరునూ, మనసు డాక్టరునూ ఒకే గదిలో కూర్చోబెట్టమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఈలోగా ఎటూ తోచనివాళ్లు 14416కు ఫోను చేయవచ్చు. అది మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే కేంద్రప్రభుత్వ టెలిమానస్ నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు.

మన పేరు పేపర్లో వేయవచ్చా అని మా వాణ్ని అడిగాను. "పేరు పేపర్లో వేయవచ్చా" అన్నాడు. అది ఒప్పుకోవడం కాదు కాబట్టి పేరు వేయవద్దని మనవి.

— ఒక తండ్రి, పెరంబూరు, చెన్నై