రత్నాచల్‌లో మా బాబుకు తోడు నిలిచినవారికి

మొన్న ఆదివారం విజయవాడ నుంచి విశాఖ వెళ్లే రత్నాచల్‌లో మాతో పాటు కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా ఇది చూస్తారని రాస్తున్నాను. దిగే హడావుడిలో మీ పేర్లు కూడా అడగలేకపోయాను.

మా బాబుకు పదకొండేళ్లు. ఆటిజం ఉంది. పెద్ద చప్పుడు అస్సలు తట్టుకోలేడు. ఇంట్లో మిక్సీ వేయాలన్నా వాడికి ముందే చెప్పి వేస్తాను. కొవ్వూరు దాటి రైలు గోదావరి బ్రిడ్జి ఎక్కగానే అందరూ చిల్లర పట్టుకుని కిటికీల దగ్గరికి వచ్చారు. కింద రైలు మోత, పక్కన జనం. వాడు చెవులు మూసుకుని కేకలు పెడుతూ సీటుకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. "ఇలాంటి పిల్లల్ని ఇంట్లో ఉంచుకోవాలమ్మా" అని ఒకాయన అననే అన్నారు.

1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, ఆటిజం కూడా ఉంది. వాడి సర్టిఫికెట్ నా బ్యాగులోనే ఉంది. కానీ పిల్లాడు తల బాదుకుంటుంటే కాగితం తీసి ఎవరికి చూపించను?

అప్పుడు ఎదుటి సీట్లోని పెద్దమ్మగారూ, మీరు ఆయనతో "రైలు అందరిదీ బాబూ" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "వాణ్ని ముట్టుకోవచ్చా తల్లీ, వద్దా?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఆ మాట ముందు అడిగినవాళ్లు మీరొక్కరే. అందరూ జాలితో తల నిమరబోతారు, వాడు ఇంకా బెదిరిపోతాడు. వద్దన్నాను. మీరు చేయి వెనక్కి తీసుకుని, జనాన్ని కాస్త జరగమన్నారు, అంతే.

కాలేజీ తమ్ముళ్లూ, మీరు ఫోన్లో పాట ఆపేసి, మీ హెడ్‌ఫోన్స్ ఇచ్చి, కిటికీ సీటు వాడికి వదిలేసి తుని దాకా నిలబడే వచ్చారు. టీ అమ్మే అన్నా, నువ్వు మా దగ్గరికి రాగానే గొంతు తగ్గించి "టీ, టీ" అన్నావు. నేను గమనించాను.

పెద్దమ్మగారూ, గోదావరిలో వేద్దామని తీసిన రూపాయి బిళ్ల ఆ గొడవలో మీ గుప్పిట్లోనే ఉండిపోయింది. వాడు దాన్నే చూస్తుంటే ఇచ్చేశారు. రెండు గంటలు దాన్ని తిప్పుకుంటూ కూర్చున్నాడు. దువ్వాడలో మీరు లేస్తుంటే, నేను చెప్పకుండానే, దాన్ని మీ చేతిలో పెట్టాడు. వాడు తనంతట తానుగా బయటివాళ్లకు ఒక వస్తువు ఇవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.