పది వస్తువుల పట్టికతో తేలే లెక్క కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పత్రికలో సూపర్‌మార్కెట్‌కూ కిరాణా కొట్టుకూ పోలిక పెడుతూ వేసిన పట్టిక చూశాను. పది వస్తువులు తీసుకుని, రెండు చోట్లా ధరలు పక్కపక్కన వేసి, కింద కూడిక చేసి, సూపర్‌మార్కెట్టే చవక అని తేల్చేశారు. మీ విలేకరి రాసుకొచ్చిన ధరలు సరైనవే అయ్యుంటాయి. నా పేచీ అంతా ఆ పది వస్తువుల ఎంపికతోనే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను కొన్నేళ్లపాటు ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లో ధరల చీటీలు మార్చే సెక్షన్‌లో పనిచేశాను. షాపు పేరు అడక్కండి. షట్టర్ దించాక, అరల అంచుకి ఉండే ప్లాస్టిక్ పట్టీలోంచి పాత చీటీ లాగి కొత్తది దూర్చడం మా పని. ఆ పట్టీ గట్టిగా ఉంటే గోరు విరిగేది. ఏయే చీటీలు మార్చాలో హెడ్డాఫీసు నుంచి షీటు వచ్చేది. అందులో కొన్ని వస్తువుల పక్కన కేవీఐ అని ఉండేది. అంటే జనానికి ధర నోటికి వచ్చిన సరుకులన్న మాట. వాటి విషయంలో చాలా జాగ్రత్త. చుట్టుపక్కల షాపుల్లో ఎంతకి అమ్ముతున్నారో కనుక్కుని, వీలైతే ఒక మెట్టు కిందికి దింపేవాళ్లు. వారం తిరిగేసరికి మళ్లీ అవే చీటీలు మార్చేవాళ్లం.

ఆ జాబితాలో లేనివాటి సంగతి వేరు. జాబితాలో ఉన్న బట్టల సబ్బు ధర కొంచెం పెరిగితే చాలు, మర్నాడు పొద్దున్నే కౌంటర్ దగ్గర నలుగురు నిలదీసేవారు. జాబితాలో లేని సీసాలు కడిగే బ్రష్షు ధర ఎంత పెరిగినా అడిగిన నాథుడు లేడు. ఎవరికి గుర్తుంటుంది? బ్రష్షు ఎప్పుడో ఒకసారి కొంటాం. మనకి ధర గుర్తుండే వస్తువులు చాలా కొద్ది. ఆ కాసిన్ని చవగ్గా కనిపిస్తే షాపంతా చవకే అనుకుంటాం.

ఇది నిన్న మొన్న పుట్టిన తెలివి కాదు. అమెరికాలో క్రోగర్ అనే గొలుసు దుకాణాల కంపెనీలో మైకేల్ కల్లెన్ అని ఒకాయన పనిచేసేవాడు. చాలా పెద్ద దుకాణం పెడదామని పైవాళ్లకి ఉత్తరం రాశాడు. 300 వస్తువులు కొన్న ధరకే అమ్ముదాం, 200 వస్తువుల మీద 5 శాతం, మరో 300 మీద 15 శాతం, ఇంకో 300 మీద 20 శాతం వేసుకుందాం అన్నది ఆయన లెక్క. కంపెనీ పట్టించుకోలేదు. ఉద్యోగం మానేసి 1930లో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో ఖాళీగా పడున్న ఒక గ్యారేజీలో కింగ్ కల్లెన్ పేరుతో సొంతంగా తెరిచాడు. జనం ఎగబడ్డారు. లాభం లేకుండా అమ్మే ఆ మొదటి 300 జనాన్ని లోపలికి తేవడానికి, చివరి 300 షాపు నడవడానికి. మీ పట్టికలోని పది వస్తువులూ ఆ మొదటి బాపతువే. అందరూ కొనేవి కాబట్టి మీరు వాటిని ఎంచుకున్నారు. అందరూ కొనేవి కాబట్టే షాపువాళ్లు వాటి ధర తగ్గించారు.

అలాగని సూపర్‌మార్కెట్ మోసమనో, అక్కడికి వెళ్లేవాళ్లు అమాయకులనో నేను అనడం లేదు. జనం అంత తేలిగ్గా బోల్తా పడరు. అసలు చాలామంది ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోరు, రెండు చోట్లకీ వెళతారు. నెల సరుకు జాబితా పట్టుకుని ఒక చోటికి, రాత్రి ఏదో ఒక్కటి నిండుకుంటే ఇంకో చోటికి. దీని మీద పెద్ద పెద్ద లెక్కలే ఉన్నాయి. విలియం రైలీ అనే ఆయన 1931లో, పెద్ద ఊరు ఎక్కువ వ్యాపారాన్ని లాగుతుందని, దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు వేగంగా తగ్గిపోతుందని ఒక సూత్రం చెప్పాడు. 1960లలో డేవిడ్ హఫ్ దాన్ని దుకాణాలకి అన్వయించాడు. షాపు విస్తీర్ణం ఒక పక్క, వెళ్లడానికి పట్టే సమయం ఇంకో పక్క. ఏ సరుకు కోసం వెళుతున్నామన్నదాన్ని బట్టి దూరం ఎంత బరువనిపిస్తుందో మారుతుందని కూడా లెక్కలో పెట్టాడు. మంచం కొనడానికి ఊరు చివరిదాకా వెళతాం, అగ్గిపెట్టెకి వెళ్లం. మీ పట్టికలో సమయానికి ఒక గడి లేదు.

మా అత్తగారు చదువుకున్న మనిషి. అయినా సూపర్‌మార్కెట్ అంటే వద్దంటారు. మోకాళ్ల నొప్పులతో ఆ వరసలన్నీ తిరగలేరు, చీటీల మీది సన్న అక్షరాలు కనబడవు. కొట్లో అయితే బల్లకి ఇవతల నిలబడి ‘పోయినసారి ఇచ్చిందే ఇవ్వు బాబూ’ అంటే చాలు, ఆ పోయినసారిది ఏమిటో అతనికి గుర్తుంటుంది. నా చేత యాప్‌లో ఆర్డర్ పెట్టించుకోవచ్చు కదా అంటే, ‘నేను కదిలి వెళ్లే చోటు అదొక్కటే, అది కూడా మానమంటావా’ అన్నారు.

నా కొడుకు సరిగ్గా దీనికి రివర్సు. కొట్టువాడిని అడగాలంటేనే వాడికి టెన్షన్. నిజానికి ఈ విషయం మీద రాసేవాళ్లు పట్టించుకోనిదేమిటంటే మొహమాటం. సూపర్‌మార్కెట్‌లో ఒక వస్తువు చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చదువుకుని, ధర చూసి, మళ్లీ అరలో పెట్టేయొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. చేతిలో డబ్బు తక్కువున్న రోజున ఇది ఎంత పెద్ద సౌకర్యమో అనుభవించినవాళ్లకే తెలుసు. పదిమంది ముందు ‘ఇంతకంటే తక్కువది లేదా’ అని అడిగే పని ఉండదు. క్లారెన్స్ సాండర్స్ 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ పేరుతో మొదటి సెల్ఫ్ సర్వీస్ దుకాణం తెరిచినప్పుడు చేసిన ముఖ్యమైన మార్పుల్లో ఇదొకటి. ప్రతి వస్తువు మీదా ధర వేశాడు. అంతకుముందు గుమాస్తాకి చెబితే లోపలినుంచి తెచ్చి ఇచ్చేవాడు. మనిషిని బట్టి ధర మారడానికి అక్కడ వీలు ఉండేది.

మొహమాటం ఇంకో వైపు నుంచి కూడా పనిచేస్తుంది. పెద్ద షాపు పేరున్న సంచీ పట్టుకుని, ఎప్పుడూ సరుకులు తెచ్చుకునే కొట్టు ముందు నుంచి నడవాల్సి వస్తే మనవాళ్లు ఏం చేస్తారో చూశారా? సంచీని రెండో చేతికి మార్చుకుంటారు, లేదా ఫోన్ చూసుకుంటూ నడుస్తారు, లేదా ఆ సందే మార్చేస్తారు. మా మెట్ల మీద ఎదురైన ఒకావిడ పెద్ద షాపు సంచీని పాత గుడ్డసంచీలో కుక్కి తెస్తోంది. ‘ఏం చేయను, ఆయన ఈ మధ్య కనబడ్డం లేదేమని అడుగుతాడు’ అంది. ఎవరి దగ్గరా ఏమీ దొంగిలించని మనిషి అలా దాక్కుంటూ రావడం చూస్తే నవ్వొచ్చింది. కానీ అడిగే మనిషంటూ ఒకడున్నాడని కూడా అనుకోవాలి. ఇంట్లో ఎవరికో బాగోలేక రెండు నెలలు డబ్బు సర్దుబాటు కాకపోతే ఆ కొట్టు రాసుకుని సరుకు ఇస్తుంది. దానికి వడ్డీ లేదు. కార్డు మీద కొని సమయానికి కట్టకపోతే పడే వడ్డీని కూడా కలిపి పోల్చి చూడండి, ఏది చవకో మారొచ్చు.

ఇక బిల్లు సంగతి. నేను సరుకులు తెచ్చాక జాబితాలో లేనివాటికి బిల్లు మీద పెన్నుతో గుండ్రాలు చుడతాను. పాత ఉద్యోగం నేర్పిన అలవాటు. కొట్టు బిల్లు మీద గుండ్రాలు ఎప్పుడో గానీ పడవు. అడిగిందే ఇస్తారు మరి. పెద్ద షాపు బిల్లు మీద పడని రోజు లేదు. ఇది నా ఒక్కదాని బలహీనత కాదు, ఆ చోటు కట్టిన తీరే అంత. సాండర్స్ మొదటి దుకాణంలోనే తిరుగుడు గేటు దాటి లోపలికొస్తే అన్ని అరల ముందు నుంచీ నడిచాకే డబ్బు కట్టే చోటు వచ్చేది. ట్రాలీ కథ ఇంకా బాగుంటుంది. ఓక్లహోమా సిటీలో దుకాణాలు నడిపిన సిల్వన్ గోల్డ్‌మన్, బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి, మడత కుర్చీలాంటి చట్రానికి చక్రాలు బిగించి రెండు బుట్టలు పెట్టే బండి చేయించాడు. అది 1937. మొదట్లో ఎవరూ ముట్టుకోలేదట. మగవాళ్లు తాము చేతకానివాళ్లలా కనబడతామని, ఆడవాళ్లు పిల్లల బండి తోసీ తోసీ విసిగిపోయామని వద్దన్నారట. చివరికి డబ్బిచ్చి మనుషుల్ని పెట్టి, కొనేవాళ్లలా షాపులో వాటిని తోయించానని ఆయనే చెప్పుకున్నాడు. చేతికి బరువు తెలిస్తే మనసు ఆగుతుంది. అందుకే నేను చేతిబుట్టే తీసుకుంటాను, ట్రాలీ జోలికి పోను.

ఆఫర్లన్నీ అబద్ధమని వాదించేవాళ్లతో కూడా నాకు కుదరదు. బ్రిటన్‌లో మార్కెట్ పోటీ వ్యవహారాలు చూసే సీఎంఏ 2024లో సూపర్‌మార్కెట్ల లాయల్టీ కార్డు ధరలు, అంటే షాపు కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే ఇచ్చే తగ్గింపు ధరలు పరిశీలించింది. సుమారు 50,000 వస్తువులు చూస్తే 92 శాతం వాటిలో తగ్గింపు నిజమైనదేనని తేలింది. తగ్గింపు నిజమే. ఆ వస్తువు మనకి కావాలా అన్నది మాత్రం ఏ సంస్థా పరిశీలించి చెప్పేది కాదు.

అన్నిటికంటే నన్ను విసిగించేది ప్యాకెట్ సైజు. మీ పట్టికలో ఒక వరసలో ‘పెద్ద ప్యాకెట్’ అని ఉంది. ఎంత పెద్దది? రెండు చోట్లా బరువు ఒకటేనా? ఒకే కంపెనీ సరుకు పెద్ద షాపులకి ఒక సైజులోనూ చిన్న కొట్లకి ఇంకో సైజులోనూ వెళ్లడం నేను కళ్లారా చూశాను. అప్పుడు ధరలు పక్కపక్కన పెట్టి లాభమేమిటి? కిలోకి ఎంత, లీటరుకి ఎంత అని వేస్తేనే పోలిక. యూరోపియన్ యూనియన్ 1998లోనే అమ్మే ధరతో పాటు ఈ యూనిట్ ధర కూడా చూపాలని ఆదేశం తెచ్చింది. చిన్న దుకాణాలకి కొంతకాలం మినహాయింపు ఇచ్చుకోవచ్చని అందులోనే ఉంది. ఆస్ట్రేలియా 2009లో తెచ్చిన నియమం కూడా పెద్ద షాపులకే తప్పనిసరి. ప్యాకెట్‌లో సరుకు తగ్గించి ధర అలాగే ఉంచితే ఆ సంగతి బోర్డు పెట్టి చెప్పాలని ఫ్రాన్స్ 2024 జులై నుంచి అమలు చేసిన నిబంధన కూడా 400 చదరపు మీటర్లు దాటిన దుకాణాలకే.

చిన్నవాళ్ల మీద భారం వేయకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ దయ చివరికి కొట్టుకే నష్టం తెస్తోందని నా అభిప్రాయం. పెద్ద షాపులో కిలో ధర కళ్లముందు కనబడుతుంది, కొట్లో కనబడదు. కనబడని ధర ఎక్కువే అయ్యుంటుందని జనం అనుకుంటారు. నిజానికి కేవీఐ జాబితాలో లేని సరుకుల్లో చాలాసార్లు కొట్టే తక్కువకి ఇస్తుంది, ఆ సంగతి చెప్పుకోవడం కొట్టువాడికి చేతకాదు. కంప్యూటరూ ప్రింటరూ అక్కర్లేదు, అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి వేలాడదీస్తే సరిపోతుంది. నేను వెళ్లే కొట్లో ఈ మాట చెబితే ‘ధర రాస్తే బేరమాడతారమ్మా’ అన్నాడు. రాయకపోతే అసలు రారు అన్నాను. ఇంకా రాయలేదు. ఎక్స్‌పైరీ దాటినవి వెనక అరలో దుమ్ముకొట్టుకుని ఉన్నాయని చూపిస్తే మాత్రం వెంటనే తీసేశాడు. ఈ లోపాలు కూడా మీరు రాయాల్సింది. కొట్టంటే ఆప్యాయత, షాపంటే చవక అని చెరొకటి పంచిపెట్టేస్తే ఇద్దరూ తప్పించుకుంటారు.

మళ్లీ ఇలాంటి పట్టిక వేసే ఆలోచన ఉంటే, వస్తువుల్ని ఆఫీసులో కూర్చుని ఎంచకండి. నాలుగు రకాల ఇళ్ల నుంచి నిజంగా రాసుకున్న జాబితాలు తీసుకోండి. ఒంటరిగా ఉండే కుర్రాడిది, పసిపిల్లలున్న ఇంటిది, బండి లేని ఇంటిది, మా అత్తగారి లాంటి పెద్దవాళ్లది. ప్రతి ధరా కిలోకో లీటరుకో మార్చి వేయండి. రానుపోను ఖర్చు, పట్టిన సమయం పక్కన రాయండి. జాబితాలో లేకుండా సంచీలోకి వచ్చిపడ్డవాటికి విడిగా ఒక వరస పెట్టండి.

గుండ్రాలు చుట్టిన నా బిల్లులు ఒక కవరు నిండా ఉన్నాయి. కావాలంటే కాపీలు పంపిస్తాను. వాటి మీద షాపుల పేర్లు, నా కార్డు నంబరు కొట్టేసి వాడుకోండి. ఈ ఉత్తరం కింద కూడా నా పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు