పసికందుల ఆక్సిజన్‌కు గంటకో అంకె చాలదు

సంపాదకులకు,

జిల్లా ఆసుపత్రుల ఎస్‌ఎన్‌సీయూల్లో (నవజాత శిశువుల ప్రత్యేక వైద్య విభాగాల్లో) నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ పెట్టాక, పల్స్ ఆక్సిమీటర్ చూపే సాచురేషన్‌ను (రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని) స్టాఫ్ నర్సు గంటకోసారి కేస్ షీట్‌లో రాసినా రోజుకు 24 అంకెలే. మానిటర్ సెకనుకొకటి చొప్పున చూపేవి 86,400. అవి కొంతకాలం దాని మెమరీలో ఉండి చెరిగిపోతాయి. రౌండ్స్‌లో డాక్టరు చేతికి అందేది ఆ 24 మాత్రమే.

ఆక్సిజన్ మీదున్న బిడ్డకు సాచురేషన్ 90–95 మధ్య ఉండాలి. 85–89 దగ్గర ఉంచితే మరణాలు, 91–95 దగ్గర ఉంచితే చూపు తీసే కంటిజబ్బు రెటీనోపతి ఎక్కువయ్యాయని పలు దేశాల్లో జరిగిన ట్రయల్స్ చెప్పాయి. ప్రాణం ముందు కాబట్టి 90 కింద ఉంచకూడదు, చూపు కోసం 95 దాటనివ్వకూడదు. అందుకే ఇంత ఇరుకైన హద్దు. గంటలో 40 నిమిషాలు 99 మీద గడిపిన బిడ్డ, నర్సు చూసిన క్షణాన 94 మీదుంటే షీట్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

డ్యూటీ మారే ప్రతిసారీ, బిడ్డ 90 కింద ఎంతసేపు, 95 పైన ఎంతసేపు గడిపిందో వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే మంచం) పక్కనే తెర మీద శాతాల్లో కనబడాలి. దాంతోపాటే ఇస్తున్న ఆక్సిజన్ శాతమూ నమోదవ్వాలి. మామూలు గాలి పీల్చే బిడ్డకు 100 చూపినా హాని లేదు. ఆ తేడా తెలియని సాఫ్ట్‌వేర్ ఊరికే అలారం కొడుతుంది. కాలు ఆడించినా, కామెర్లకు పెట్టే ఫొటోథెరపీ వెలుగు ఆక్సిమీటర్ ప్రోబ్ మీద పడినా తప్పుడు అంకెలు వస్తాయి. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పటి అంకెలను లెక్కలోంచి తీసేయాలి. అలారానికి 10 సెకన్లయినా ఆలస్యం పెట్టాలి. లేకపోతే విసిగిపోయిన నర్సు సౌండ్ కట్టేస్తారు, ఆమెను తప్పుపట్టలేం.

ప్రకటనలు చూసి కొనడం ఎంత ప్రమాదమో 2021లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ పరిశీలనలో తేలింది. ఎన్నో ఆసుపత్రులు వాడుతున్న ఒక సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితి) హెచ్చరిక సాఫ్ట్‌వేర్ 67 శాతం కేసులను పట్టుకోలేదు. అయినా ఆసుపత్రిలో చేరినవారిలో 18 శాతం మందికి అలర్ట్‌లు ఇచ్చింది.

అసలు సీపాప్‌కు (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే యంత్రానికి) గాలి, ఆక్సిజన్ కలిపే బ్లెండర్ లేనిచోట ఈ తెరలన్నీ దండగే. 98 అని తెలిసినా నర్సు ఆక్సిజన్ శాతం తగ్గించే దారి ఉండదు. ముందు బ్లెండర్, కంప్రెస్డ్ ఎయిర్ ఇవ్వండి. లెక్కలు ఎంత బాగున్నా 34 వారాల లోపు పుట్టిన లేదా 2 కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డలకు నెలలోగా కంటి పరీక్ష మానకూడదు.

ఆసుపత్రులకు పరికరాలు కొనే ప్రభుత్వ సంస్థలు ఏపీఎంఎస్‌ఐడీసీ (ఆంధ్రప్రదేశ్), టీజీఎంఎస్‌ఐడీసీ (తెలంగాణ) టెండర్లలో సెకను సెకను డేటా బయటకు ఇచ్చే పోర్టు, వేరే లైసెన్సు ఫీజు లేకుండా, తప్పనిసరి చేయాలి. డేటా మంచం నంబరుతో కాక బిడ్డ నంబరుతో ముడిపడాలి, గడియారాలన్నీ ఒకే సర్వర్ సమయం చూపాలి. కంపెనీ యంత్రాన్ని అప్పగించే రోజున నెట్‌వర్క్ కేబుల్ 10 నిమిషాలు పీకి చూడాలి. తిరిగి పెట్టాక ఆ 10 నిమిషాల డేటా మానిటర్ మెమరీ నుంచి రావాలి, లేదా అక్కడ ఖాళీ కనబడాలి. పాత అంకెనే గీతలా సాగదీస్తే ఆ యంత్రాన్ని వెనక్కి పంపాలి. బిడ్డను ఒక వార్మర్ నుంచి మరోదానికి మార్చి, రికార్డు వెంట వచ్చిందో లేదో చూశాకే బిల్లు పాస్ చేయాలి.

– ఒక బయోమెడికల్ ఇంజినీర్, వరంగల్