కదలని కొట్టు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్లయింది. జవాబు రాయలేదని ఎన్ని తిట్లు తిట్టుకున్నావో, అన్నీ ఒప్పుకుంటున్నా. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, చిన్నోడు ఆరో తరగతికొచ్చాడు, వానలు పర్లేదు. ఇక అసలు సంగతికొస్తా, ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మా బావమరిది తెనాల్లో పుస్తకాలూ పెన్నుల కొట్టు పెట్టాడు. తెల్లారితే ప్రారంభం అనగా రాత్రి ఫ్లెక్సీ బోర్డు దిగింది. సరస్వతీదేవి బొమ్మ, చుట్టూ లైట్లు, అంతా బ్రహ్మాండం. మధ్యలో ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్టేషనరీ’. చూద్దును కదా, ‘ఆర్’కి ముందు ‘ఈ’ ఉండాల్సిన చోట ‘ఏ’ కొట్టాడు! ‘ఈ’ ఉంటేనే కాగితాలూ కలాలూ. ‘ఏ’ పెడితే కదలకుండా ఉన్నచోటే ఉన్నది అని అర్థం. నువ్వుంటే మన ఒంటెల పెళ్లి తలుచుకుని పడీపడీ నవ్వేవాడివి. స్వీట్ల కౌంటర్ బోర్డులో ఒక ‘ఎస్’ ఎగిరిపోయి డెజర్ట్ కాస్తా ఎడారి అయితే, ‘ఒంటెలెప్పుడొస్తాయి బాబాయ్’ అని నువ్వడగడం, కేటరింగాయన సీరియస్‌గా ‘నాన్‌వెజ్ లేదు సార్’ అనడం!

సరే, ఫ్లెక్సీ కుర్రాడికి ఫోన్ చేశా. ‘అందరికీ ఇదే వేస్తాం సార్, ఎవరూ అడగలా’ అన్నాడు. పైగా తను వేసిన బోర్డుల ఫోటోలు వరసగా పంపాడు. నిజమేరా, అన్నిట్లోనూ ‘ఏ’నే! బావమరిది మొహం మాడిపోయింది. అప్పటిదాకా పేపర్ చదువుకుంటున్న మామగారు తలెత్తకుండానే, ‘అందులో తప్పేముందయ్యా? మనది కదలని కొట్టే కదా, తోపుడు బండేం కాదుగా’ అన్నారు. ఇల్లంతా ఒకటే నవ్వు.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. డిక్షనరీ తీస్తే ఏముందో తెలుసా? మామగారు చెప్పిందే! పూర్వం యూరప్‌లో సరుకులమ్మేవాళ్లు చాలామంది ఊరూరా తిరిగేవాళ్లట. ఒకచోట స్థిరంగా కొట్టు పెట్టుకున్నవాణ్ణి లాటిన్‌లో ‘స్టేషనేరియస్’ అనేవారు. యూనివర్సిటీల దగ్గర పుస్తకాలమ్మేవాళ్లు అలా కదలకుండా కూర్చునేవాళ్లు కాబట్టి, ‘స్టేషనర్’ అన్న పేరు వాళ్లకే ఉండిపోయింది. వాడు అమ్మేది స్టేషనరీ. లండన్‌లో 1403లోనే వాళ్లకో సంఘం ఉంది, 1557లో రాజముద్రతో సనదు కూడా వచ్చింది. అంటే ఆ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలేరా! ఎవడెవడో గుర్తుపట్టడానికే ‘ఏ’, ‘ఈ’ తేడా. పేపర్‌లో ఉన్న ‘ఈ’నే ఇందులోనూ ఉందనుకుంటే చాలు, ఇక పొరపాటు పడం.

అక్కడితో ఆగితేగా! పిండిని ‘ఫ్లవర్’ అంటాం చూడు, అదీ పువ్వూ ఒకటేనట. గోధుమలో మేలైన భాగాన్ని దాని పువ్వు అన్నారు. 1755లో శామ్యూల్ జాన్సన్ అనే ఇంగ్లీషు పండితుడు రాసిన డిక్షనరీలో కూడా రెంటికీ ఒకటే స్పెల్లింగు. మరి మనం గోధుమ పిండికి పువ్వు స్పెల్లింగు రాస్తే మేష్టారు చెవి మెలిపెట్టారే! ఈ ముక్క ఆయనకి చెప్పుంటే... సర్లే, ఇప్పుడెందుకు.

ఇంతకీ బోర్డు ఏమైందంటే, ప్రారంభానికి మా ఆవిడ బంతిపూల దండ సరిగ్గా ఆ ‘ఏ’ మీద పడేలా వేలాడదీసింది. సాయంత్రానికి కుర్రాడొచ్చి ‘ఈ’ స్టిక్కర్ అతికించాడు. కాస్త వంకరగా ఉంది, రంగు కూడా కలవలేదు. మామగారికి అదీ నచ్చలేదు, ‘బాగున్నదాన్ని చెడగొట్టారు’ అని ఇప్పటికీ గొణుగుతున్నారు.

ప్రిన్సిపల్‌కీ ప్రిన్సిపుల్‌కీ తేడా తెలీని మన ప్రిన్సిపాల్ సర్క్యులర్ గురించి కూడా రాద్దామనుకున్నా. ఈ ఉత్తరం మా చిన్నాన్న కొడుకు చేతికిచ్చి పంపుతున్నా, వాడేమో బస్సు టైమైందని గుమ్మంలో నిలబడి గోల పెడుతున్నాడు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఆ సర్క్యులర్ కాపీ నీ దగ్గర

ఉంటే పంపు, వెళ్తున్నాడు వీడు!

నీ
రాంబాబు