బాగుచేయడం వేరు, మార్చడం వేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. చెవులు చిల్లులు పడేలా మోగే సైలెన్సర్లను పోలీసులు ఊడదీయించి రోడ్డు రోలరు కింద తొక్కించారన్న వార్త కనిపించినప్పుడల్లా సంతోషించేవారిలో నేనూ ఒకణ్ణి. అయితే ఆ వార్తల్లోనూ, వాటిని చదివి ఇళ్లలో మాట్లాడుకునే మాటల్లోనూ అన్నిటినీ ‘మోడిఫికేషన్’ అనే ఒక్క మాట కిందికి నెట్టేయడం వల్ల, పాత బండిని ఇంటి వరండాలో విప్పుకుని ఓపిగ్గా బాగుచేసుకునేవాడు కూడా ఏదో దొంగపని చేస్తున్నట్టు ఇరుగుపొరుగుకు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తోంది. ఈ రెండు పనుల మధ్య గీత ఎక్కడ పడుతుందో రవాణా శాఖ మామూలు తెలుగులో రాసి అందరికీ కనబడేలా పెట్టాలని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్. లెక్కల ఉపాధ్యాయుడిగా చేరిన కొత్తల్లో, 1990లో, కొన్న హీరో హోండా సీడీ 100 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు మా వీధిని ముంచెత్తినప్పుడు మనుషులం మేడ మీదికి చేరుకున్నాం గానీ, బండి కింద వరండాలోనే ఉండిపోయి రోజుల తరబడి నానింది. నీళ్లు తీశాక ఆత్రం కొద్దీ కిక్కు కొట్టిన బండ్లు మా వీధిలో చాలానే ఉన్నాయి. సైలెన్సరు గుండా, ఎయిర్ ఫిల్టరు గుండా లోపలికి చేరిన ఒండ్రులోని సన్నటి ఇసుక ఆ ఒక్కొక్క కిక్కుకీ ఇంజనులో పిస్టన్ ఆడే బోరు గోడల మీద గీతలు పెడుతుందని తెలిసేసరికే వాటి ఇంజన్లు పాడయ్యాయి. మా చిన్నబ్బాయి ముందుగా స్పార్క్ ప్లగ్గు తీసి, కింద డ్రెయిన్ బోల్టు విప్పితే, ఇంజనాయిలు పాలు ఎక్కువైన టీ రంగులో కారింది. అప్పటినుంచి దాదాపు ఎనిమిది నెలలు ఆదివారాలన్నీ ఆ బండి దగ్గరే గడిచిపోయాయి.

పని వివరాలన్నీ రాస్తే మీ పేజీ చాలదు. ట్యాంకు సంగతి మాత్రం, ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. పారేసి కొత్తది కొనాలనుకున్న పెట్రోలు ట్యాంకును కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన నీటితో నింపి, రెండు రాత్రులు నాననిచ్చి, గుప్పెడు నట్లు వేసి బాగా కుదిపితే లోపలి తుప్పంతా ఎర్రటి బురదై బయటికి వచ్చేసింది. ఆ తరువాత వంట సోడా నీళ్లతో కడిగి, తడి లేకుండా వెంటనే ఆరబెట్టడం మాత్రం మరచిపోకూడదు. మరచిపోతే తెల్లారేసరికి మళ్లీ తుప్పు పడుతుంది. చక్రాల బేరింగులు, క్లచ్ ప్లేట్లు, వైరింగు కొత్తవి వేశాం. ఇంజను వాల్వుల దగ్గర వదలవలసిన టప్పెట్ల సందు 0.05 మిల్లీమీటరు ఉండాలి. దాన్ని సన్నటి రేకులుండే ఫీలర్ గేజితో సరిచూడటం మా అబ్బాయికి మూడు ఆదివారాలకు గానీ చేతికి రాలేదు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది ఇంజను బోరు. మేము కిక్కు కొట్టకపోయినా, అన్ని రోజులు తడిసిన బోరుకు తుప్పు పట్టి గుంటలు పడ్డాయి. ఆటోనగర్‌లోని లేత్ పనివారు సిలిండరు చూడగానే ‘బోరుకొచ్చింది’ అని తేల్చేశారు. అంటే బోరింగు చేయాలి: బోరును లోపల కాస్త చెక్కి వెడల్పు చేసి, దానికి సరిపడే పెద్ద పిస్టన్ వేయాలన్నమాట. ఇలాంటి అవసరం కోసమే పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు ఓవర్‌సైజులో పిస్టన్లు తయారవుతాయి. మాకు అర మిల్లీమీటరుది పట్టింది. లెక్కల మాస్టారి అలవాటు పోదు కదా, ఇంటికి వచ్చి కాగితం మీద వేసి చూశాను. ఈ ఇంజనుకు బోరు వెడల్పు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 49.5 మిల్లీమీటర్లు, కనుక 97.2 సీసీ. బోరు 50.5 అయ్యేసరికి అది 99.1 సీసీ దాకా పెరిగింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, సీసీతో సహా ఆర్సీలో నమోదైన వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అక్షరాలా చదువుకుంటే, దేశంలో బోరింగు చేయించుకున్న పాత బండ్లన్నీ నేరం చేసినవే. అలా ఎవరూ చదవరనీ, చదవకూడదనీ నాకు తెలుసు. కానీ ఏది మరమ్మతో, ఏది మార్పో తేల్చవలసింది ఎవరన్నదే నా ప్రశ్న.

మా ఇంట్లోనే ఈ విషయం మీద పెద్ద వాదన జరిగింది. మా అబ్బాయికి బండిని ఫోనులో చూసిన బొమ్మల్లా చేయాలని కోరిక. హ్యాండిల్ కిందికి దించాలట, వెనుక మడ్గార్డు కోసేయాలట, శారీ గార్డు తీసేయాలట. ఆ శారీ గార్డు అలంకారం కాదనీ, వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చుట్టుకోకుండా వెనుక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోందనీ నేను చూపించాను. ‘ఇన్నాళ్లూ వెనుక కూర్చున్నది నేనే కదరా’ అని వాళ్లమ్మ అన్న తరువాత ఇక నిబంధనతో పని లేకపోయింది. సైలెన్సరు జోలికి మేము పోనేలేదు. సొంతంగా చేసిన మార్పులు రెండే: సీటు కొత్తగా కుట్టించాం, నల్లటి ట్యాంకుకు ముదురాకుపచ్చ రంగు వేశాం.

చిక్కు ఆ రంగుతోనే వచ్చింది. ఆర్సీలో రంగు నలుపు అని ఉంది. ఒక కూడలిలో కాగితాలు చూసిన ఉద్యోగి ట్యాంకును ఒకసారి, నన్ను ఒకసారి చూసి, ‘ఈ వయసులో మీకెందుకండీ మోడిఫికేషన్’ అన్నారు. ఆయన మాటలో మర్యాద లోపించలేదు. ఆ మాటే నన్ను గుచ్చుకుంది. రంగు మార్పును ఆర్సీలో నమోదు చేయించుకోవాలన్న సంగతి మాకు పెయింటు వేసినవారు చెప్పలేదు, అమ్మినవారు చెప్పలేదు, మేమూ అడగలేదు. మరో ముఖ్యమైన జాగ్రత్త కూడా అదృష్టం కొద్దీ తెలిసింది గానీ ఎవరూ చెప్పి కాదు: పాత రంగును ఇసుకతో కొట్టించి తీయించేటప్పుడు బండి ఫ్రేము మీద చెక్కి ఉండే చాసిస్ నంబరుకు టేపు చుట్టకపోతే అక్షరాలు అరిగిపోతాయి, మీద దట్టంగా రంగు పడితే పూడిపోతాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ నాడు అది చదవడానికి వీలుగా లేకపోతే బండి ఎంత ముద్దుగా ఉన్నా వృథాయే.

పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. మా బండికి 2025లో జరిగింది అయిదోది. ద్విచక్ర వాహనాలకు 300 రూపాయలున్న ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 1,000 చేశారు, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో మళ్లీ పెంచారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. వింటేజ్ వాహనాలకు 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చారు గానీ, అవి యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా ఉన్న వాటికే. ముప్పై, నలభై ఏళ్ల మధ్య ఉన్న మా వంటి బండ్లు కొత్తవీ కావు, పురావస్తువులూ కావు. రోజూ కూరగాయలకు, మందుల షాపుకు తిరుగుతున్నవి అవే.

కాబట్టి రవాణా శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. చెప్పకుండా చేసుకోదగినవి ఏవో, నమోదు చేయించుకోవలసినవి ఏవో, అసలు చేయకూడనివి ఏవో ఒక్క కాగితం మీద తెలుగులో రాసి, కార్యాలయంలోనే కాక ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణాల్లో, పెయింటు షాపుల్లో కూడా అంటించండి. డబ్బు ఖర్చయ్యాక జరిమానా వేయడం కన్నా, బండిని కోయకముందే చెప్పడం కుర్రవాళ్లకు మేలు. మీరు కూడా సైలెన్సర్లను తొక్కించిన ఫొటో వేసిన రోజున దాని పక్కన ఆ పట్టికను ప్రచురించండి. అందులో ఓవర్‌సైజు బోరింగు ఏ వైపు వస్తుందో తప్పకుండా రాయించండి. మా బండికి ఇంకా రెండు సైజులు మిగిలే ఉన్నాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ